తిరుపతికో చిత్తూరుకో మకాం మారుద్దామా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులోనో హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటూ "ఇక చాలు, ఊరికి పోదాం" అనుకునేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. ఊరంటే సొంత పల్లె కాదు. పల్లెకు దగ్గరగా ఉండి, ఆస్పత్రీ కాలేజీ అందుబాటులో ఉండే తిరుపతో చిత్తూరో. అలాంటివాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకు, ఇక్కడ కాపురం ఉంటున్న మనిషిగా నాకు తోచిన జవాబులివి. టూరిస్టుగా వచ్చేవాళ్లకు ఇవి పెద్దగా పనికిరావు.

తిరుపతి చిన్న ఊరేనా?

జనాభా లెక్క చూస్తే అవును. 2011 లెక్కల్లో తిరుపతి జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. ఆ తర్వాత అవిలాల, పేరూరు, తిరుచానూరు, కరకంబాడి వైపు ఊరు బాగా పెరిగింది. అయినా బెంగళూరులో ఒక మూలకు రాదు.

కానీ కొండ మీదికి రోజూ అరవై డెబ్బై వేలమంది వస్తారు. సెలవుల్లో అంతకంటే ఎక్కువ. వాళ్లలో చాలామంది దిగేదీ, తినేదీ, పడుకునేదీ, తిరిగి బస్సెక్కేదీ ఈ ఊళ్లోనే. అందుకని రైల్వే స్టేషను, హోటళ్లు, ఆటోలు, రోడ్ల మీద రద్దీ పెద్ద నగరం లెక్కలో ఉంటాయి. సినిమా హాళ్లు, మంచి పుస్తకాల షాపులు, ఆఫీసు ఉద్యోగాలు మాత్రం చిన్న ఊరి లెక్కలోనే ఉంటాయి. ప్రశాంతంగా ఉంటుందని తిరుపతి వచ్చినవాళ్లు మొదట కంగుతినేది ఇక్కడే.

నిజంగా చిన్న ఊరే కావాలంటే చిత్తూరు చూడండి. 2011లో అక్కడి జనాభా లక్షన్నర పైచిలుకు. 1911లో జిల్లా ఏర్పడినప్పటి నుంచీ జిల్లా కేంద్రం కాబట్టి కలెక్టరేటు, కోర్టులు, ఆఫీసులు అన్నీ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె వైపు కూడా విడిపోయింది. దాంతో పని మీద చిత్తూరుకు వచ్చిపోయేవాళ్లు తగ్గారు. అక్కడ వ్యాపారం చేసేవాళ్లకు అది దెబ్బే. ఉండడానికి వెళ్లేవాళ్లకు అంత ఇబ్బందేం కాదు.

అయితే రెంటిలో ఏది మేలు?

రెండు ఊళ్లకూ మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లే, బతుకు తీరు మాత్రం వేరు.

చిత్తూరు ముఖం వేలూరు వైపు, బెంగళూరు వైపు. వేలూరు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరం. పెద్ద రైళ్లు కావాలంటే కాట్పాడి పోతారు, పెద్ద జబ్బు చేస్తే వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోతారు, పెళ్లి బట్టలకు కూడా కొందరు అటే పోతారు. బజారులో తెలుగూ తమిళం కలిసే వినిపిస్తాయి. బెంగళూరు నూట ఎనభై కిలోమీటర్లు. పలమనేరు ఘాట్ ఎక్కి ముళబాగిలు మీదుగా శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయే కుర్రాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వారంలో రెండు మూడు రోజులు బెంగళూరు ఆఫీసుకు పోవాల్సినవాళ్లకు తిరుపతి కంటే చిత్తూరే నయం.

తిరుపతికి చెన్నై దగ్గర. రైళ్లు లెక్కలేనన్ని. యూనివర్సిటీల ఊరు, ఆస్పత్రుల ఊరు. పిల్లల చదువు, పెద్దవాళ్ల వైద్యం, మీ ఉద్యోగం మూడూ ఒకే ఊళ్లో సర్దుకోవాలంటే తిరుపతే. ఉద్యోగం గొడవ లేకుండా, రిటైరైపోయి, గుడికీ అంగడికీ నడిచి పోయి రావాలనుకుంటే నేనైతే చిత్తూరుకే ఓటేస్తాను. తిరుపతి వాళ్లకు ఈ మాట రుచించదని తెలుసు.

ఖర్చు నిజంగా తగ్గుతుందా?

కొన్ని తగ్గుతాయి. బాడుగ తగ్గుతుంది. బెంగళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సు కట్టినవాళ్లకు ఇక్కడి అడ్వాన్సు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇంటి పనికి, వంటకు మనుషులు దొరుకుతారు. కూరగాయలు, పాలు, పూలు చవక. ఆఫీసుకు, బడికి పోయిరావడానికి అయ్యే పెట్రోలు సగానికి సగం పడిపోతుంది.

కొన్ని అస్సలు తగ్గవు. కార్పొరేట్ స్కూలు ఫీజులు, ఫోను, కరెంటు, కారు ఈఎంఐ, ఆన్‌లైన్లో కొనేవి ఎక్కడైనా ఒకటే. మే నెలలో ఏసీ లేకుండా పడుకోలేరు కాబట్టి కరెంటు బిల్లు బెంగళూరు కంటే ఎక్కువే వస్తుంది.

కొత్తగా పుట్టుకొచ్చే ఖర్చులు ఇంకొన్ని. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, చెవులు కుట్టించడాలు, కర్మకాండలు. దూరంలో ఉన్నప్పుడు "లీవు దొరకలేదు" అంటే సరిపోయేది. ఇక్కడున్నాక అలా కుదరదు. ముహూర్తాల నెలలో చదివింపులకే ఒక బడ్జెట్ పెట్టుకోవాలి, నవ్వులాటకు అనడం లేదు. తిరుపతిలో కాపురమైతే దీనికి తోడు అతిథుల పద్దు. దాని సంగతి కింద వేరే చెబుతాను.

ఒక హెచ్చరిక. బాడుగలు చవక కదా అని స్థలాలూ చవక అనుకోవద్దు. తిరుపతిలో సెంటు ధర విని వెనక్కి తిరిగిపోయిన ఎన్నారైలు ఉన్నారు.

ఏ ఏరియాలో ఇల్లు చూసుకోవాలి?

తిరుపతిలో ముందు ఒక విషయం తేల్చుకోండి: గుడి దగ్గర ఉండాలా, యాత్రికుల రద్దీకి దూరంగా ఉండాలా? రెండూ కావాలంటే దొరకదు. గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు చుట్టుపక్కల గోవిందరాజస్వామి గుడి, బజారు, స్టేషను అన్నీ నడిచే దూరం. శబ్దమూ అంతే. బాలాజీ కాలనీ, కేటీ రోడ్డు వైపు చదువుకున్న కుటుంబాల పాత ఏరియాలు, చెట్లూ ఉన్నాయి, బాడుగలూ ఎక్కువే. ఎమ్మార్ పల్లి, పద్మావతిపురం మధ్యతరగతి వాళ్లకు అనువు. రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు ఫ్యాక్టరీ ఉద్యోగాలవాళ్లకు బాగుంటాయి.

యూనివర్సిటీ, అలిపిరి వైపు కొండకు దగ్గరగా ఉండే ఇళ్ల మేడ మీది నుంచి పొద్దుటిపూట శేషాచలం చూస్తుంటే బాడుగ ఎంతిచ్చినా తక్కువే అనిపిస్తుంది. అయితే ఆ వైపు అప్పుడప్పుడూ చిరుతలు దిగుతుంటాయి. క్యాంపస్‌లో కూడా కనిపించాయి. చీకటి పడ్డాక చిన్న పిల్లల్ని ఒంటరిగా వదలకండి.

చిత్తూరులో కొంగారెడ్డిపల్లె, మిట్టూరు, గ్రీమ్స్‌పేట, మురకంబట్టు ఎక్కువమంది చూసుకునే చోట్లు. ఏ మూల నుంచి ఏ మూలకైనా బండి మీద పావుగంట. ఏరియా గురించి అంతగా బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నీళ్లు దొరుకుతాయా? వానొస్తే మునుగుతుందా?

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గదులెన్ని అని కాదు, ముందు నీళ్ల సంగతి అడగండి. ఇది రాయలసీమ.

తిరుపతికి కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి నీళ్లొస్తాయి. వానలు సరిగా పడిన ఏడాది ఇబ్బంది ఉండదు. పడని ఏడాది కల్యాణి డ్యామ్ అడుగంటిందని ఏప్రిల్ నుంచే వార్తలు మొదలవుతాయి. కొత్త కాలనీల్లో చాలా ఇళ్లకు బోరే దిక్కు. బోరు ఎంత లోతు, కిందటి మే నెలలో నీళ్లొచ్చాయా, ట్యాంకర్ తెప్పించారా అని ఓనర్ని కాదు, పక్కింటావిణ్ని అడగండి. ఓనరు ఎప్పుడూ "నీళ్లకేం కొదవ లేదు సార్" అనే అంటాడు. చిత్తూరులో నీళ్ల కరువు ఇంకా పాత జబ్బు. ట్యాంకర్ల వ్యాపారం అక్కడ ఊరికే పెరగలేదు. సంపు, మిద్దె మీద పెద్ద ట్యాంకు ఉన్న ఇల్లే చూసుకోండి.

వానల సంగతి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు పడతాయి. 2021 నవంబరులో తిరుపతి వాళ్లు చూసింది మరిచిపోయేది కాదు. కొండ మీద పడిన నీళ్లు మెట్ల దారి వెంట, కపిలతీర్థం వెంట ఊళ్లోకి ఉరికొచ్చాయి. పల్లపు కాలనీల్లో ఇళ్లు మునిగాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెల్ని ఖాళీ చేయించారు. నీళ్లు నిలిచిన చోట్లలో చాలామటుకు ఒకప్పటి చెరువులు, కుంటలు, వాగులు. పేరులో చెరువో గుంటో ఉన్న కాలనీలో స్థలం కొనేముందు ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక పెద్దాయన్ని అడిగితే పోయేదేముంది?

ఉద్యోగాలు ఉన్నాయా?

ఏ రంగమన్నదాన్ని బట్టి.

బోధన, వైద్యం, బ్యాంకు, ప్రభుత్వ ఉద్యోగాలు తిరుపతిలో ఉన్నాయి. 1954లో పెట్టిన వెంకటేశ్వర యూనివర్సిటీతో మొదలుపెట్టి మహిళా, వెటర్నరీ, సంస్కృత యూనివర్సిటీలు, ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్ దాకా ఇంత చిన్న ఊరి చుట్టూ ఇన్ని చదువుల సంస్థలు ఉండటం అరుదు. టిటిడి, విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయం సరేసరి. ఫ్యాక్టరీ పనికైతే రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, తడ వైపు శ్రీసిటీ. శ్రీసిటీ తిరుపతి జిల్లాలోనే ఉన్నా రోజూ పోయిరావడానికి దూరం. కంపెనీ బస్సులో తెల్లారకముందే బయల్దేరే ఉద్యోగాన్ని చిన్న ఊరి సుఖం అనలేం.

సాఫ్ట్‌వేర్ అయితే ఆశలు తగ్గించుకోండి. చిన్న కంపెనీలు కొన్ని ఉన్నాయి, జీతాలూ అలాగే ఉంటాయి. బెంగళూరు జీతం ఇక్కడ కూర్చుని తీసుకోగలిగితే రండి, అంతకంటే హాయి లేదు. ఫైబర్ ఇంటర్నెట్ బాగానే ఉంది, ఇన్వర్టర్ ఒకటి పెట్టుకోండి. కానీ ఆ కంపెనీ రేపు "అందరూ ఆఫీసుకు రండి" అంటే ఏం చేస్తారో ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

చిత్తూరు సంపాదన అంతా మామిడి, బెల్లం, పాలు, గ్రానైటు చుట్టూ తిరుగుతుంది. జూన్, జూలైల్లో తోతాపురి కాయలతో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడుగునా నిలబడతాయి. 2025లో ధర ఎంతగా పడిపోయిందంటే, కిలోకు 12 రూపాయలని లెక్క కట్టి అందులో 4 రూపాయలు ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చింది. రైతు చేతిలో డబ్బుంటేనే బజారులో బట్టల షాపు నడుస్తుంది. అక్కడ షాపు పెట్టాలనుకునేవాళ్లు మామిడి ధర కూడా చూస్తూ ఉండాలి.

చాలామంది మరిచిపోయేది భార్యాభర్తల్లో రెండోవాళ్ల ఉద్యోగం. ఒకరికి ట్రాన్స్‌ఫరో వర్క్ ఫ్రమ్ హోమో దొరుకుతుంది, రెండోవాళ్లు ఉన్న ఉద్యోగం మానేసి వస్తారు. ఆ మానేసేది ఎక్కువగా ఆడవాళ్లే. "తర్వాత చూసుకుందాంలే" అన్న ఆ తర్వాత రాదు. వచ్చేముందే ఆమె ఉద్యోగం వెతకండి.

పిల్లల చదువులు ఎలా?

ఇంటర్, డిగ్రీకి తిరుపతిలో లోటు లేదు. జిల్లా నలుమూలల నుంచీ పిల్లలు హాస్టళ్లకు వస్తారు. చిన్న తరగతులకు మాత్రం వెరైటీ తక్కువ. ఆటలు, బొమ్మలు, ప్రాజెక్టులు అంటూ నడిచే బడులు వేళ్ల మీద లెక్కపెట్టాలి. మిగతావన్నీ ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటాయి. సంగీతం, నాట్యం నేర్పించాలంటే మాత్రం ఇంతకంటే మంచి ఊరు లేదు. టిటిడి వారి ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, ఇళ్లల్లో నేర్పే గురువులూ ఉన్నారు. చిత్తూరులో పదో తరగతి దాకా ఫరవాలేదు. ఆ తర్వాత పిల్లల్ని తిరుపతికో వేలూరుకో పంపేవాళ్లే ఎక్కువ.

అమ్మానాన్నలకు వైద్యం?

ఇక్కడికి రావడానికి నాకు కనిపించే అతి గట్టి కారణం ఇదే.

తిరుపతిలో స్విమ్స్ అనే పెద్దాస్పత్రి 1993 నుంచి నడుస్తోంది. రుయా ప్రభుత్వ ఆస్పత్రి, ఎముకలకు బర్డ్, చిన్నపిల్లల గుండె జబ్బులకు 2021లో తెరిచిన పద్మావతి హృదయాలయం, అలిపిరి దారిలో టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి, కళ్లకు అరవింద్ ఉన్నాయి. ఈ సైజు ఊరికి ఇన్ని ఎక్కడా చూడం. చిత్తూరు వాళ్లకు సీఎంసీ అరగంట, ముప్పావుగంట దూరం. బెంగళూరులో ఉంటూ మారతహళ్లి నుంచి ఆస్పత్రికి పోవడానికీ దాదాపు అంతే పడుతుంది.

చిక్కు ఏమిటంటే చుట్టూ నాలుగు జిల్లాల రోగులూ ఇక్కడికే వస్తారు. ఓపీ క్యూ పొద్దున్నే మొదలవుతుంది. చిన్న జ్వరానికి, బీపీకి వీధి చివర డాక్టరు ఒకరిని నమ్మకంగా పట్టుకోండి. పెద్ద ఆస్పత్రిని పెద్ద జబ్బుకే ఉంచుకోండి.

తిరుపతిలో ఉంటే ఎప్పుడంటే అప్పుడు దర్శనం చేసుకోవచ్చు కదా?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు.

చేసుకోలేరు. ఊరివాళ్లయినా క్యూలో నిలబడాల్సిందే. మూడువందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్లో రెండు మూడు నెలల ముందే అయిపోతాయి. విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లో ఇచ్చే టోకెన్లకు అందరితో పాటే మనమూ. స్థానికులకని నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టారు. దానికి ఇక్కడి అడ్రసుతో ఆధార్ ఉండాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టిటిడి ప్రకటన చూసుకుని వెళ్లండి. నిజం చెప్పాలంటే తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లలో చాలామంది ఏడాదికి ఒకట్రెండు సార్లకు మించి కొండెక్కరు. తిరుచానూరుకో కపిలతీర్థానికో గోవిందరాజస్వామికో పోయి దండం పెట్టుకుని వస్తారు.

అసలు సంగతి అతిథులు. మీరు తిరుపతిలో ఇల్లు తీసుకున్నారని తెలిసిన రోజు నుంచి ఫోన్లు మొదలవుతాయి. బాబాయి వియ్యంకుడు, పాత ఆఫీసులో పక్క టీమ్ మేనేజరు, అమ్మ చిన్ననాటి స్నేహితురాలు... "ఎల్లుండి వస్తున్నాం. ఎనిమిది మందిమి. నీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దర్శనం..." తెలిసినవాళ్లు ఎవరూ లేరంటే నమ్మరు. ఎమ్మెల్యే లెటర్ తెచ్చివ్వలేని వాడు తిరుపతిలో ఎందుకున్నట్టు అని మొహం మీదే అన్నవాళ్లున్నారు.

దీనికి ఊరివాళ్లు కనిపెట్టిన పద్ధతి: మొదటి ఫోన్లోనే స్పష్టంగా చెప్పేయడం. "టికెట్లు నావల్ల కాదు అన్నా. ఆన్‌లైన్లో బుక్ చేసుకుని రండి. ఇంట్లో స్నానం, భోజనం నాది పూచీ." ఒకటి రెండు సార్లు మొహమాటపడి ఎవరి చేతులో పట్టుకుని టికెట్లు తెచ్చిస్తే, ఆ తర్వాత జీవితమంతా అదే పని. పెరుమాళ్లు దయ వల్ల ఇంటికి వచ్చినవాళ్లు లడ్డూ మాత్రం మరిచిపోకుండా ఇచ్చి వెళ్తారు.

ట్రాఫిక్ ఉండదు కదా?

చిత్తూరులో గాంధీ రోడ్డు, బజారు వీధి తప్పితే ఉండదు. తిరుపతిలో ఉంటుంది. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ తెరిచాక లీలామహల్, రామానుజ సర్కిల్ మీదుగా పోయేవాళ్లకు చాలా ఊరట. కానీ శనివారాలు, వేసవి సెలవులు, వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు ఊరివాళ్లు అనవసరంగా బయటికి రారు. గరుడసేవ రోజు ఆస్పత్రి అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి.

రద్దీ అంటే ఇబ్బంది మాత్రమే కాదు, ప్రమాదం కూడా. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. అది జరిగిన బైరాగిపట్టెడ మామూలు రోజుల్లో జనం ఇళ్లలో టీవీ చూసుకునే ప్రశాంతమైన వీధులే. అలాంటి రోజుల్లో మీ వీధి మీది కాదు.

ఇరుగుపొరుగు ఎలా ఉంటారు? మన సొంత విషయాల్లో తలదూరుస్తారా?

దూరుస్తారు. చిన్న ఊరిలో అన్నిటికంటే పెద్ద లాభమూ పెద్ద నష్టమూ ఇదే. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇల్లు చూడ్డానికి పోతే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, "మీరేమిటోళ్లు?" అని. సూటిగా అడగనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, మీ మామగారి ఊరు అడుగుతారు, ఆ దారిలో అక్కడికే చేరతారు. మాంసం వండుతారా అనేది రెండో ప్రశ్న. తిరుపతిలో కొన్ని వీధుల్లో వండేవాళ్లకు ఇల్లివ్వరు. పెళ్లికాని కుర్రాళ్లకు కష్టం, ఒంటరిగా ఉండే అమ్మాయికి ఇంకా కష్టం, విడాకులు తీసుకున్న ఆడమనిషికి మరీ కష్టం. రాత్రి తొమ్మిదికి ఎవరు దింపి వెళ్లారన్నది పొద్దున పాలప్యాకెట్ తీసుకునేటప్పటికి వీధంతా తెలుస్తుంది. నగరంలో ఎవరికీ పట్టకుండా బతకడం అలవాటైనవాళ్లకు ఊపిరాడదు. ఇదంతా "మన సంస్కృతి" అని సర్దిచెప్పేవాళ్లతో నాకు పేచీ. వేరేవాళ్ల ఇంట్లో ఏం ఉడుకుతోందో వాసన చూడటం సంస్కృతి కాదు.

అయితే అదే వీధి అర్ధరాత్రి నాన్నకు గుండెల్లో నొప్పి వస్తే అంబులెన్స్ కోసం ఎదురుచూడనివ్వదు. ఎదురింటి అన్న లుంగీ మీదే కారు తీస్తాడు, పక్కింటి వదిన పిల్లల్ని తన ఇంట్లో పడుకోబెట్టుకుంటుంది. కిరాణా కొట్టువాడు ఖాతా రాసుకుంటాడు. ఊరెళ్తూ తాళం చెవి ఇచ్చిపోవడానికి ఒక ఇల్లుంటుంది. డిసెంబరు చలిలో ఎవరో ఒకరు పితికిపప్పు (నానబెట్టి తోలు తీసిన అనపగింజల కూర) చేసి గిన్నెడు పంపుతారు, ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదన్న లెక్క మనకూ అలవాటవుతుంది.

ఈ రెంటినీ విడదీసి మంచిదాన్ని మాత్రమే తీసుకునే వీలు నాకైతే కనిపించలేదు. కొంతవరకు దారులున్నాయి. సొంత ఇల్లున్నవాళ్లకు ప్రశ్నలు తగ్గుతాయి. అపార్ట్‌మెంట్లలో ఇంకా తగ్గుతాయి. యూనివర్సిటీ, ఆస్పత్రి ఉద్యోగులు ఎక్కువగా ఉండే చోట బయటి ఊళ్లవాళ్లు అలవాటే కాబట్టి పెద్దగా పట్టించుకోరు. ఇంట్లో పెళ్లికాని పెద్ద పిల్లలో, వేరు కులంలో పెళ్లి చేసుకున్నవాళ్లో ఉంటే అలాంటి చోటే చూసుకోండి.

సాయంత్రాలు, ఆదివారాలు బోర్ కొట్టవా?

మాల్, పబ్, నాటకాల థియేటర్ కావాలంటే కొడతాయి. మహతి ఆడిటోరియంలో, అన్నమాచార్య కళామందిరంలో కచేరీలు, హరికథలు తరచూ ఉంటాయి, ఎక్కువగా ఉచితం. పొద్దున్నే శ్రీవారి మెట్టు ఎక్కి దిగేవాళ్ల బృందాలున్నాయి (మెట్లు 2,388. అలిపిరి దారి 3,550). చంద్రగిరి కోట, జూ పార్కు, కాస్త దూరంలో తలకోన. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే వారం రోజులు ఊరు తీరే మారిపోతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొకటి. మగవాళ్లు చీరలు కట్టి, పూలు పెట్టుకుని, మొక్కు తీర్చుకోవడానికి నడిచొస్తారు. ఆ వారం తిరుపతిలో కనిపించేది యాత్రికులు కాదు, ఊరు. చిత్తూరుకు కాణిపాకం పన్నెండు కిలోమీటర్ల లోపే. వినాయక చవితికి అక్కడ బ్రహ్మోత్సవాలు ఇరవయ్యొక్క రోజులు.

ఎండలు?

ఎక్కువే. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటుతుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు మొదటి వేసవికి సిద్ధపడాలి.

ప్రయాణాలకు ఇబ్బందా?

తిరుపతి నుంచి కాదు. రేణిగుంటలో ఎయిర్‌పోర్టు, జంక్షన్ రెండూ ఉన్నాయి. సికింద్రాబాద్‌కు 2023 ఏప్రిల్ నుంచి వందేభారత్ నడుస్తోంది. విదేశాలకైతే చెన్నై పోవాల్సిందే, కారులో మూడు నాలుగు గంటలు. టికెట్లు దొరకడమే కష్టం, మనతో పాటు భక్తులూ బుక్ చేస్తారు కదా. చిత్తూరు నుంచి బస్సులకు కొదవ లేదు, మంచి రైలుకు కాట్పాడి.

వచ్చీరాగానే స్థలం కొనేయొచ్చా?

వద్దు. కనీసం ఒక వేసవి, ఒక వానాకాలం బాడుగకు ఉండండి. కొనేటప్పుడు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉందా, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, ఉందా అన్నవి మొదట చూడండి. తిరుపతి చుట్టుపక్కల మఠం భూములు, దేవస్థానం భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు), చెరువు పొరంబోకులు చాలా ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయింది కదా అని ధీమాగా ఉండి కోర్టు చుట్టూ తిరిగేవాళ్లను ఈ ఊరు చాలామందిని చూసింది. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించి, వెనకటి లింకు పత్రాలన్నీ మీకు తెలిసిన లాయరుకు చూపించండి. అమ్మేవాడు పరిచయం చేసిన లాయరు వద్దు. బంధువు మధ్యవర్తి అయితే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అనుమానం వచ్చినా పైకి అనలేరు.

ఎవరు రావొద్దంటారు?

ఉద్యోగంలో ఇంకా పైకి రావాల్సిన వయసులో ఉండి, ఈ కంపెనీ పోతే ఇంకో కంపెనీ అనే ధైర్యం మీద బతికేవాళ్లు. ఇక్కడ ఇంకో కంపెనీ ఉండదు. ఊరంటే చిన్నప్పటి సెలవులు గుర్తొచ్చి వచ్చేవాళ్లు కూడా ఆగి ఆలోచించండి. ఆ సెలవుల్లో వంట చేసింది, నీళ్లు మోసింది మీరు కాదు. ఇంట్లో ఒకరికి మాత్రమే రావాలని ఉండి, రెండోవాళ్లు సర్దుకుపోదాంలే అనుకుంటున్న ఇళ్లు కూడా.

అంతా సర్దుకుని వచ్చాక నచ్చకపోతే?

తిరిగి వెళ్లే దారి ముందే ఉంచుకోండి. పిల్లలు పదో తరగతిలోనో ఇంటర్ రెండో ఏడులోనో ఉండగా కదలొద్దు. ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటే ఇటు రావడమూ అటు పోవడమూ సులువు. మంచి బడుల్లో జూన్ అడ్మిషన్లు జనవరి, ఫిబ్రవరిల్లోనే మొదలవుతాయి కాబట్టి సంక్రాంతికి వచ్చినప్పుడే బడి, ఇల్లు రెండూ చూసి వెళ్లండి. పదకొండు నెలల బాడుగ అగ్రిమెంటు రాసుకోండి. బెంగళూరులో ఫ్లాట్ ఉంటే అమ్మకుండా బాడుగకివ్వండి. ఆ వచ్చే బాడుగలో సగంతో ఇక్కడి ఇంటి బాడుగ గడిచిపోయే అవకాశం ఎక్కువ.